ట్యాంకు మీద మంచు గీత

మా ఇంట్లో నన్ను అనుమానపు పక్షి అంటారు. కూరగాయలవాడు తూకం వేస్తుంటే నేను ముల్లు చూడను, వాడి వేళ్ళు చూస్తాను. ఫోన్లో మా ఆవిడ "అంతా మంచిగనే ఉంది" అంటే, మంచిగా లేనిదేదో దాస్తోందని ఆ రోజంతా తల బద్దలు కొట్టుకుంటాను. ఖతర్‌కి వచ్చాక ఈ గుణం తగ్గుతుందనుకున్నాను. ఒకే గదిలో పదిమందిమి పడుకునే క్యాంపులో ఉన్నన్నాళ్ళూ అది ఇంకా ముదిరింది. చివరికి ఎడారి మధ్యలో, చుట్టుపక్కల అనుమానించడానికి మనిషన్నవాడే లేని చోట, ఒక కారవాన్ కింద వేలాడే మురుగు ట్యాంకుని అనుమానించే దాకా వచ్చింది నా బతుకు.

నేను పనిచేసిన కన్‌స్ట్రక్షన్ కంపెనీ పనులు లేక మూతపడ్డాక, దోహా పట్నంలోని ఉమ్ ఘువైలినాలో ఒక తెలిసినాయన గదిలో మూల పట్టుకుని కొన్నాళ్ళు ఉన్నాను. అప్పుడు దొరికింది ఈ డ్యూటీ. చలికాలం రాగానే ఇక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. సీజను ఉన్నన్నాళ్ళూ గురువారం సాయంత్రం వచ్చి శనివారం దాకా ఉండి పోతారు. మిగతా రోజుల్లో ఆ గుడారాలనూ, జనరేటరునూ, కారవాన్లనూ కనిపెట్టుకుని ఉండటానికి మనిషి కావాలి. ఆ మనిషిని నేను. సీలైన్ బీచి దాటి లోపలికి పోతే, ఇసుక తిన్నెలకీ సముద్రానికీ మధ్య మా మకాం. ఊళ్ళో మావాళ్ళు మాత్రం "దుబాయ్‌ల సముద్రం ఒడ్డున బంగళాల ఉంటున్నడట" అని చెప్పుకునేవారు. నేను కాదనలేదు.

నాతోపాటు వంటాయన ఒకడు. నిజామాబాద్ వైపువాడు, నాకంటే పెద్ద. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. తెలుగు ఎంత చక్కగా మాట్లాడతాడో, కోపం వస్తే ఉర్దూలోకి అంత తొందరగా దూకుతాడు. దమ్ బిర్యానీ కుండ మూత తీయకుండానే లోపల ఎంత ఉడికిందో చెప్పగలడు. యజమానిని మేమిద్దరం బాబా అంటాం, వయసులో నాకంటే చిన్నవాడే అయినా. ఆయన తల్లిని మామా కబీర్, అంటే పెద్దమ్మ, అంటాం. పెద్దావిడ. నడుము వంగింది, కళ్ళు మాత్రం వంగలేదు. ఆవిడకి ఎడారి అంటే ప్రాణం. ఈ గుడారాలూ ఈ హంగామా అంతా ఆవిడ కోసమే.

కారవాన్లో బతకడం అంటే చక్రాల మీద ఇల్లు అని అందరూ ముచ్చటపడతారు. ఆ ఇంటికి కింద ఒక ట్యాంకు ఉంటుందని ఎవరూ చెప్పరు. లెట్రిన్ నీళ్ళూ, స్నానం నీళ్ళూ, ముఖం కడిగిన నీళ్ళూ అన్నీ అందులోకే. ఊళ్ళోలాగా నేలలోకి ఇంకిపోవడానికి దారి లేదు, పట్నంలోలాగా కాలువలోకి పోవడానికి దారి లేదు. మురుగు ట్యాంకరు వచ్చి గొట్టం పెట్టి పీల్చేదాకా అన్నీ మోస్తూ కూర్చుంటుంది. మాకు రెండు కారవాన్లు. పెద్దది మామా కబీర్‌ది. కాస్త ఎత్తుమీద నిలబెట్టిన చిన్నది మా ఇద్దరిది. మా దాని ట్యాంకు ఎప్పుడో పగిలిపోయిందట. అందుకని మా పైపుని తీసుకుపోయి ఆవిడ ట్యాంకుకే కలిపారు. అంటే మేం వారమంతా ఏం చేసినా, దాని ఫలితం గురువారం ఆవిడ బాత్రూం కింద ఉంటుంది.

సీజను మొదట్లోనే పరువు పోయింది. ఆవిడ కారవాన్ గోడమీద ట్యాంకు ఎంత నిండిందో చూపే లైట్లు ఉంటాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆ గురువారం ఆకుపచ్చే వెలుగుతోంది. నేను చూశాను, భాయ్ చూశాడు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు ముందు ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి కుళాయి తిప్పింది. ట్యాంకు నిండితే పగలదు, అన్నిటికంటే కిందున్న కంతలోంచి పైకి తంతుంది. స్నానాల చోట ఉన్న జాలీలోంచి నల్లటి నీళ్ళు ఉబికి ఆవిడ చెప్పుల మీదికి వచ్చాయి. నమాజుకి శుద్ధిగా ఉండవలసిన కాళ్ళ మీదికి! ఆవిడ కేక వేయలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి కొడుకుని పిలిచింది. ఆ సాయంత్రమే కుటుంబమంతా పట్నానికి తిరిగి వెళ్ళిపోయింది.

బాబా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, అరచేతిని విమానంలా పైకి లేపి చూపించాడు. "ఏక్ బార్ ఔర్, ఖలాస్. దోనో ఘర్." ఇంకొక్కసారి ఇలా అయితే ఇద్దరం ఇంటికే. మా అబ్బాయి పాలిటెక్నిక్ ఇంకా పూర్తి కాలేదు. నా వయసువాడికి మళ్ళీ వీసా ఎవడిస్తాడు? భాయ్ పరిస్థితి నాకంటే అధ్వాన్నం. ఆయనకి ఇద్దరు కూతుళ్ళ తర్వాత పుట్టిన కొడుకు ఇంకా బడిలోనే ఉన్నాడు.

ఆ రోజునుంచి నేను లైట్లని నమ్మడం మానేశాను. ట్యాంకరు డ్రైవరు పఠాన్. వారానికోసారి ఈ వైపు క్యాంపులన్నీ తిరుగుతాడు. ఆయనే చెప్పాడు, లోపల కాగితమో మురికో అంటుకుంటే ఆ లైట్లు అబద్ధం చెబుతాయని. ఖాళీ చేసిన వెంటనే రెండు బకెట్ల మంచినీళ్ళు పోయాలట, లేకపోతే గట్టిదంతా అడుగున కుప్పపడి ట్యాంకరు పీల్చినా రాదట. ఫినాయిలు పోయకూడదట. మురికిని కరిగించే పురుగుని అది చంపేస్తుందట, అప్పుడు వాసన రెట్టింపవుతుంది. నేను అప్పటిదాకా శుభ్రం కోసమని వారానికో సీసా ఫినాయిలు కుమ్మరిస్తున్నాను. మనకి ఫినాయిలు వాసన వస్తేనే కడిగినట్టు లెక్క కదా. భాయ్ అయితే గంజి, బిర్యానీ డేగ్చీలో మిగిలిన డాల్డా నూనె, అంతా లెట్రిన్‌లోనే పోసేవాడు. బయట పోస్తే పక్క క్యాంపు కుక్కలు వస్తాయని ఆయన వాదన. అది మానిపించడానికి ఒక పెద్ద యుద్ధమే చేశాను.

లైట్లని నమ్మకపోతే మరి దేన్ని నమ్మాలి? ఒక తెల్లవారుజామున దారి దానంతటదే దొరికింది. ఎడారిలో చలికాలం మంచు బాగా కురుస్తుంది, గుడారం గుడ్డ పిండితే నీళ్ళు కారేంత. కారవాన్ కిందికి వంగి చూస్తే ట్యాంకు పైభాగమంతా తడిగా, కింది భాగం పొడిగా ఉంది. మధ్యలో గీత గీసినట్టు తేడా. లోపల నీళ్ళున్న చోట వెచ్చగా ఉండి మంచు పట్టదు, ఖాళీ ఉన్న చోట పడుతుంది. వేలితో కొట్టి చూశాను. కింద మొద్దు చప్పుడు, పైన డొల్ల చప్పుడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కబాబుల బొగ్గు ముక్క తెచ్చి ఆ గీత పక్కనే ఒక గుర్తు పెట్టాను. అప్పటినుంచి పొద్దున్నే లేచి, ముఖమైనా కడగకుండా, ముందు ట్యాంకు దర్శనం.

గుర్తులు పెట్టడం మొదలుపెట్టాక అనుమానం మొదలైంది. మొదట్లో గీత రోజుకి బెత్తెడు కూడా లేచేది కాదు. తర్వాత తర్వాత ఒక్కో రోజు జానెడు లేవసాగింది. ఉన్నది ఇద్దరం. నేను పొదుపుగా నీళ్ళు వాడేవాడిని. స్నానం బయట డ్రమ్ము దగ్గర, రాళ్ళ మీద. మరి ఈ నీళ్ళు ఎక్కడివి?

ముందు పఠాన్ని అనుమానించాను. గొట్టం పెట్టి, టీ తాగి, పీల్చినట్టు నటించి వెళ్ళిపోతున్నాడేమోనని. తర్వాతిసారి ఆయన పక్కనే నిలబడి, గొట్టం తీశాక ట్యాంకుని పైనుంచి కిందిదాకా వేలితో వాయించాను. అంతా డొల్లే. ఆయన నవ్వి, "తబలా బజాతా హై క్యా?" అన్నాడు. ఆయన మీద అనుమానం తీసేశాను. పూర్తిగా కాదు, చాలా వరకు.

తర్వాత పక్క క్యాంపుల కాపలావాళ్ళు. మేం పట్నానికి సరుకులకి పోయినప్పుడు వచ్చి మా లెట్రిన్ వాడుకుంటున్నారేమో. ఈతాకు చీపురుతో మెట్ల ముందు ఇసుక నున్నగా ఊడ్చి పోయాను. తిరిగి వచ్చి చూస్తే గాలి గీసిన గీతలు తప్ప ఒక్క అడుగు లేదు.

మిగిలింది ఒక్కడే. వంటాయన.

మనిషిని అనుమానించడం మొదలుపెడితే ఆయన చేసే ప్రతి పనీ సాక్ష్యమే అవుతుంది. గిన్నెలు లోపల కడుగుతున్నాడేమోనని పీచు తడి చూశాను. దొంగచాటుగా వేడినీళ్ళ స్నానం చేస్తున్నాడేమోనని సబ్బు అరుగుదల చూశాను. ఏదీ తేలలేదు. కాని ఇంకొకటి తేలింది. తాగే నీళ్ళ క్యాన్లు తరిగిపోతున్నాయి. వారానికని తెచ్చిన క్యాన్లు వారం మధ్యలోనే అడుగంటుతున్నాయి. నేను తాగేదెంత? చలిలో రెండు లోటాలు. ఈయన ఆ నీళ్ళతో కరక్ చాయ్, ఇక్కడివాళ్ళ చిక్కటి పాల టీ, కాచి పక్క క్యాంపులకి అమ్ముతున్నాడని, గ్లాసులు మా లెట్రిన్‌లో కడుగుతున్నాడని నా మనసులో ఒక కథ అల్లుకున్నాను. చక్కెర డబ్బా చూస్తే అదీ తరిగే ఉంది. కథ అతికినట్టు సరిపోయింది. మనిషి కూడా మునుపటిలా లేడు. ప్యాంటు జారిపోతుంటే నైలాన్ తాడు కట్టుకుంటున్నాడు. పగలు కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీస్తున్నాడు. రాత్రుళ్ళు వ్యాపారం చేసేవాడికి పగలు నిద్ర రాకేం చేస్తుంది, అనుకున్నాను.

ఒకరోజు పొద్దున బొగ్గు గుర్తు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. బుధవారమే గీత ముప్పాతికకి వచ్చింది. మర్నాడే కుటుంబం వస్తుంది. భాయ్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"భాయ్, నిజం చెప్పు. లోపల ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? పోతున్న, వస్తున్న."

"దినాం ఎన్నిసార్లు పోతవ్?"

కత్తి ఆపి నావైపు చూశాడు. "నేను లెట్రిన్‌కి పోయేది కూడా నీకు లెక్క జెప్పాలె? తూ క్యా, పోలీస్?"

"మల్ల ట్యాంక్ పొంగిందంటే ఇద్దరం పోతం భాయ్. నా పొట్ట గొట్టకు."

పొట్ట అన్న మాట ఆయనకి తగిలింది. తల దించుకున్నాడు. కత్తి పక్కన పెట్టి అన్నాడు. "సరే తమ్మీ. రేపటిసంది పెద్దపనికి తప్ప లోపలికి పోను. ఒట్టు."

అంత తొందరగా ఒప్పుకున్నాడంటే తప్పు చేసినట్టే కదా! నేను గెలిచాననుకున్నాను. పఠాన్‌కి ఫోన్ చేసి, బతిమాలి, ఒకరోజు ముందే రప్పించుకుని ఆ గురువారం గండం గట్టెక్కాం. ఆపై వారం గీత బుద్ధిగా బెత్తెడు బెత్తెడే లేచింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చు. కాని నాబోటివాడికి నిశ్చింత ఎక్కడిది?

భాయ్ ఇప్పుడు నీళ్ళ సీసా పట్టుకుని మాటిమాటికీ కారవాన్ వెనక ఉన్న తిన్నె చాటుకి పోతున్నాడు. వంట మధ్యలో పోతాడు, నమాజు కాగానే పోతాడు, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి పోతాడు. మూత్రానికేనని అర్థమవుతూనే ఉంది. కాని ఏ మనిషైనా అన్నిసార్లు పోతాడా? ఏదో పాతిపెడుతున్నాడు. బాబా ఇంటినుంచి వచ్చే తేనె సీసాలనో, ఖర్జూరం పాకాన్నో అక్కడ దాచి తర్వాత పనివాళ్ళంతా చేరే ఏషియన్ టౌన్ బజార్లో ఎవరికో ఇస్తాడు. అలా అనుకున్నాను. అనుకోవడం కాదు, నమ్మేశాను.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు ఆయన అడుగుల వెంబడే తిన్నె వెనక్కి పోయాను. చిన్న ముళ్ళపొద. దాని మొదట్లో ఇసుక అక్కడక్కడా తడిసి, ఎండి, పొలుసు కట్టి ఉంది. ఆ పొలుసు మీద నల్లగా చీమలు. ఒకటీ రెండూ కాదు, బారులు తీరి వస్తున్నాయి, పోతున్నాయి. మొన్నటిదాకా ఆ ఇసుకలో ఒక్క చీమని చూడలేదు నేను.

దొరికావు అనుకున్నాను. పాకం ఒలికింది కాబట్టి చీమలు పట్టాయి. చెప్పు కొసతో తవ్వాను. తడి ఇసుక. ఇంకా తవ్వాను. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వాను. సీసా లేదు, డబ్బా లేదు. చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఏం వాసనో తెలిసి, చెయ్యి ఇసుకకి రుద్దుకుంటూ అక్కడే కూలబడ్డాను.

మా మేనమామ గుర్తుకొచ్చాడు. ఇంటి వెనక గోడ దగ్గర ఆయన పోసిన చోట చీమలు పట్టాయని మా అమ్మే మొదట చూసింది. "మా అన్నకు తీపి మూత్రం పట్టింది" అని ఏడుస్తూ కరీంనగర్ దవాఖానకి తోలుకుపోయింది. మా వైపు ఎవరింట్లోనైనా చెబుతారు, పోసిన చోట చీమలు పడితే షుగర్ అని. తరిగిపోయిన నీళ్ళ క్యాన్లు, మాటిమాటికీ లెట్రిన్, పగటి కునుకులు, ప్యాంటు జారకుండా కట్టుకున్న నైలాన్ తాడు. ఇన్నాళ్ళూ నా కళ్ళముందే ఉన్నాయి అన్నీ. వాటితో నేనల్లిన కథే తప్పు. నాకు భయం వేసింది. ట్యాంకు పొంగినప్పుడు వేసిన భయం దీని ముందు ఏపాటిది?

భాయ్ లేచేదాకా ఆగలేకపోయాను. లేపి అడిగాను. "నీకు షుగర్ ఉన్నది గదా?"

ఉలిక్కిపడ్డాడు. ఎవరు చెప్పారని అడగలేదు. అంటే తెలుసు.

"ఊర్ల ఉన్నప్పుడు జెర ఉండె. గోళీలు ఇచ్చిండ్రు. అయిపోయినయ్."

"ఎప్పుడు అయిపోయినయ్?"

ఆయన లేచి క్యాన్ దగ్గరికి పోయి లోటా నింపుకున్నాడు.

"దవాఖానకు పోదాం పా. బాబాకు చెప్త."

ఆ మాటకి నా చెయ్యి పట్టుకున్నాడు. వేడిగా, పొడిగా ఉంది ఆ చెయ్యి. "వద్దు తమ్మీ. వచ్చే నెల నా హెల్త్ కార్డు రెన్యువల్. షుగరున్న వంటోన్ని ఎవడు పెట్టుకుంటడు? పైకెల్లి ఆ ట్యాంక్ పొంగింది నా తోని అని తెలిస్తె? మామా కాళ్ళ మీద పడ్డది నా... యా అల్లా. నన్ను ఉంచుతడా? నీకు దండం పెడ్త. చెప్పకు."

షుగరున్నవాళ్ళని పంపించేస్తారన్నది నిజమో కాదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. క్యాంపుల్లో అందరూ అనుకునే మాట అది. చెప్పనన్నాను. ఆ క్షణంలో చెప్పకూడదనే అనుకున్నాను. పక్కన కూర్చుని ఆయన క్యాన్‌లోంచి లోటా మీద లోటా నీళ్ళు తాగడం చూస్తూ ఉన్నాను. ఈసారి ఒక్క లోటా కూడా నాకు కష్టంగా అనిపించలేదు.

"ఇగ తిన్నె ఎనకకు పోకు. లోపలనే పో," అన్నాను.

"ట్యాంక్?"

"ట్యాంక్ సంగతి నేను జూసుకుంట."

మర్నాడు గురువారం. పొద్దున్నే పఠాన్‌ని రప్పించి ట్యాంకు ఖాళీ చేయించాను. సాయంత్రం బండ్లు వచ్చాయి. మామా కబీర్ మజ్లిస్ గుడారంలో, అందరూ కూర్చుని కబుర్లాడుకునే చోట, కార్పెట్ మీద కూర్చుంది. భాయ్ లుకైమాత్ వేస్తున్నాడు. అవి మన బూరెలంత కూడా ఉండవు, గోళీల్లా నూనెలో తేలతాయి, పైన ఖర్జూరం పాకం పోస్తారు. నేను పొయ్యి పక్కనే నిలబడి ఆయన్నే చూస్తున్నాను. ఆయన వదిలిన పిండి నూనెలో కాక పొయ్యి అంచున పడుతోంది. ఒకసారి గరిటె నూనెలోనే వదిలేసి, ఎక్కడున్నాడో తెలియనట్టు నిలబడ్డాడు. ఆయన నోటినుంచి కుళ్ళిన పండు వాసనలాంటిదేదో వచ్చింది. మా మామ దగ్గర ఆఖర్న వచ్చిన వాసన అదే.

మామా కబీర్‌కి షుగర్ ఉందని క్యాంపులో అందరికీ తెలుసు. తిండికి ముందు సంచిలోంచి చిన్న మెషిన్ తీసి, వేలికి సూది గుచ్చుకుని చూసుకుంటుంది. అప్పుడూ ఆ సంచి విప్పుతోంది. నేను చెప్పులు విడిచి గుడారంలోకి వెళ్ళాను. పనివాళ్ళం పిలవకుండా లోపలికి పోకూడదు. బాబా కనుబొమలు ముడిచాడు. నాకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలూ కలిపి, "మామా, సుక్కర్. తబ్బాఖ్ సుక్కర్. వాజిద్," అన్నాను. వంటవాడికి షుగర్, చాలా, అని. అంతకంటే చెప్పడం చేతకాక భాయ్ వైపు చెయ్యి చూపించాను.

భాయ్ నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఇచ్చిన మాట తప్పినవాణ్ణి చూసే చూపు అది. నాకు సిగ్గేం కలగలేదు. చెప్పకపోతే చస్తాడు, చెప్పాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ చెబుతాను.

ఆవిడ ఆయన్ని దగ్గరికి పిలిచింది. పరాయి ఆడమనిషి, అందులో యజమాని తల్లి, ఆయన కూర్చోనన్నాడు. ఆవిడ కర్రతో కార్పెట్ మీద కొట్టి మరీ కూర్చోబెట్టింది. ఆయన వేలు తను ముట్టుకోకుండా, కొత్త సూది ఆయన చేతికే ఇచ్చి గుచ్చుకోమంది. రక్తం చుక్క మెషిన్‌కి అంటింది. అందరం వంగి చూశాం. అంకె రాలేదు. ఆ మెషిన్ కొలవగలిగినదానికంటే ఎక్కువైతే అంకె రాదట, రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వస్తాయట. ఆవిడకి అది తెలుసు. ముఖం మారిపోయింది. కొడుకువైపు తిరిగి, తొందరగా పదమని ఒకే మాట అంది. "యల్లా!"

బాబా తనే బండి తీశాడు. ఎక్కేముందు భాయ్ నా దగ్గర ఆగి, తెలుగులో, ఇంకెవరికీ అర్థం కాకుండా అన్నాడు. "చెప్పినవ్ గద తమ్మీ."

"చెప్పిన. పో."

ఆ వారం పొయ్యి దగ్గర నేనే నిలబడ్డాను. నేను వండింది తిని ఎవరూ ఏమీ అనలేదు, ఎక్కువ తినలేదు కూడా. నాకు ఒకే అనుమానం. బాబా తిరిగి రాగానే చెయ్యి మళ్ళీ విమానంలా లేస్తుందా అని. శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. ఇంకొంచెం ఆలస్యమైతే భాయ్ స్పృహ తప్పి కోమాలోకి పోయేవాడని డాక్టరు చెప్పాడట. నరానికి సెలైన్ ఎక్కిస్తున్నారట. తల్లి ఆయనతో అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. నాకు సుక్కర్ అన్న మాట ఒక్కటే అర్థమైంది. ఆ మాట అంటూ తన గుండెలమీద ఒకసారి, వంట గుడారం వైపు ఒకసారి చెయ్యి చూపించింది. నాకూ ఉంది, అతనికీ ఉంది, అయితే ఏమిటి అన్నట్టు.

బాబా బయటికి వచ్చి, "ట్యాంక్?" అని అడిగాడు.

"నుస్," అన్నాను. సగం.

నమ్మలేదు. తెల్లటి దుస్తులతోనే వంగి, ట్యాంకుని వేలితో వాయించి చూశాడు. నా బొగ్గు గుర్తులు చూసి, ఇవేమిటని అడిగాడు. మంచు సంగతి చెప్పాను. మళ్ళీ ఒకసారి వాయించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. విమానం లేవలేదు.

భాయ్ కొన్నాళ్ళ తర్వాత తిరిగి వచ్చాడు. ముఖంలో కళ వచ్చింది, నామీద కోపం మాత్రం పోలేదు. ఇన్సులిన్ సూదులు తెచ్చి ఫ్రిజ్‌లో మామా కబీర్ సూదుల పక్కన పెట్టుకున్నాడు. నాతో ఉప్పు, పప్పు తప్ప వేరే మాట లేదు. హెల్త్ కార్డు రెన్యువలయింది, ఎవరూ ఏమీ అడగలేదు. అది కూడా నాకు చెప్పలేదు. బల్ల మీద పెట్టి ఉంటే నేనే చూశాను.

నేను పొద్దున్నే ట్యాంకు కిందికి వంగడం మానలేదు. ఇప్పుడు పొంగుతుందని కాదు. గీత బెత్తెడు లేస్తే సూది వేసుకున్నట్టు. ఎక్కువ లేస్తే వేసుకోనట్టు, లేదా లుకైమాత్ ఉప్పు చూసే నెపంతో నోట్లో వేసుకున్నట్టు. లుకైమాత్‌లో ఉప్పు ఎక్కడుంటుంది? ఒకరోజు గీత జానెడు లేచింది. తిన్నగా పోయి ఫ్రిజ్ తెరిచి, సూదుల డబ్బా ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. ఆయన చొక్కా ఎత్తి పొట్టమీద గుచ్చుకున్నాడు.

"నీయంత అనుమానపోన్ని నేను యాడ జూడలె," అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత నాతో పూర్తిగా అన్న మొదటి మాట అది.

"చూడవు," అన్నాను.

సీజను చివరికి వచ్చింది. మంచు తగ్గిపోతోంది, గీత సరిగ్గా కనబడటం లేదు, వేలితో వాయించి తెలుసుకోవలసి వస్తోంది. పొద్దున్నే నేను కారవాన్ కింద దూరగానే, పైన కిటికీలోంచి భాయ్ గొంతు వినిపిస్తుంది.

"గీత ఏడిదాక ఉన్నది తమ్మీ?"

"కిందనే ఉన్నది భాయ్."

అయినా నమ్మడు. లుంగీ ఎగ్గట్టుకుని కిందికి దిగి, నా పక్కనే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, తనూ వేలితో ఒకసారి వాయించి చూసుకుంటాడు.